సిస్టర్‌ని అడగండి: మంచం పట్టిన మనిషికి పుండు పడకుండా

పోయిన సంచికలో స్ట్రోక్ వచ్చినవాళ్ళ తిండి గురించి రాశాను కదా, దానికి వచ్చిన ఉత్తరాల్లో సగంపైన తిండి సంగతి వదిలేసి ఒకటే అడిగారు, బెడ్ సోర్స్, అంటే కదలకుండా పడుకున్నవాళ్ళకి ఒత్తిడి వల్ల పడే పుండ్లు. సరే, ఈసారి బీపీ షుగర్ ప్రశ్నలన్నీ పక్కన పెట్టి మొత్తం కాలమ్ దీనికే ఇస్తున్నా. ఏరియా పేర్లు ఉంచాం, మనుషుల పేర్లు తీసేశాం. కొన్ని ఉత్తరాలు చాలా పొడుగున్నాయి, అసలు విషయం మాత్రం కదపకుండా కుదించాం.

ప్రశ్న: సిస్టర్ గారూ, మా నాన్నకి 68 ఏళ్ళు. రాత్రి బాత్రూంకి వెళ్ళి అక్కడే పడిపోయారు, పొద్దున అమ్మ లేచి చూసేదాకా ఎవరికీ తెలీలేదు. స్ట్రోక్ అన్నారు, ఓ ప్రైవేట్ హాస్పిటల్ ఐసీయూలో పెట్టాం. మూడోరోజుకి నడుం కింద ఊదారంగు మచ్చ, వారం తిరిగేసరికి నల్లగా అయిపోయి పైతోలు ఊడొచ్చింది. అడిగితే "ఇలాంటి కేసుల్లో కామనే అమ్మా" అన్నారు. అన్ని లక్షలు కట్టించుకుని మనిషిని పక్కకి తిప్పడం కూడా చేతకాలేదా? అసలు హాస్పిటల్లో నర్సులు దీనికి ఏం చెయ్యాలి? కనీసం ఏం అడగాలో అయినా చెప్పండి.
— ఒక కూతురు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, మీ కోపం న్యాయమే కానీ మీ ఉత్తరంలోనే ఒక మాట ఉంది, నాన్నగారు ఆ రాత్రంతా బాత్రూం బండల మీద పడున్నారని. లోపలి కండ దెబ్బతిన్నప్పుడు పైకి ఆ ఊదా మచ్చ వెంటనే కనపడదు, మామూలుగా రెండు మూడు రోజులకి బయటపడుతుంది. అంటే మూడోరోజు మీరు చూసింది హాస్పిటల్ మంచం మీద మొదలై ఉండకపోవచ్చు, ఆ బండల మీదే మొదలై ఉండొచ్చు. అలాగని హాస్పిటల్‌ని వెనకేసుకు రావట్లేదు. అలా గంటల తరబడి కింద పడున్న మనిషి వస్తే చేర్చుకున్న నర్సు చెయ్యాల్సిన మొదటి పనుల్లో ఒకటి బట్ట తీసి, పక్కకి తిప్పి, వెనకంతా చూసి, చూసింది కేస్ షీట్‌లో రాయడం. అది రాసుంటే ఈ గొడవే లేదు, వాళ్ళకీ మీకూ. ఇక "కామన్" అన్న మాటకొస్తే, తరచుగా చూస్తుంటారు కాబట్టి కామనే, కానీ చాలావరకు ఆపగలిగేది కూడా, ఆ రెండో ముక్క మీకు చెప్పలేదు.

ఇది ఎలా వస్తుందో తెలిస్తే మిగతాది అంతా దానంతట అదే అర్థమవుతుంది. కింద పరుపు, పైన ఎముక, మధ్యలో కండా తోలూ నలుగుతాయి. తోటకి నీళ్ళు పెట్టే పైపు మీద కాలేసి నిలబడితే అవతలికి నీళ్ళు పోవు చూడండి, అదే కథ, రక్తం పోదు. మనం నిద్రలో కూడా తెలీకుండానే అటూ ఇటూ దొర్లుతాం కాబట్టి మనకేం కాదు. స్ట్రోక్ వచ్చిన మనిషి, మత్తులో వెంటిలేటర్ మీదున్న మనిషి, వెన్నుపూస దెబ్బతిని కింద స్పర్శ లేని మనిషి దొర్లలేడు, చాలాసార్లు నొప్పి కూడా తెలీదు. ఇంకోటి, ఎముకకి ఆనుకున్న కండ ముందు చచ్చిపోయి, తోలు తర్వాత పోతుంది, అందుకే పైన రూపాయి బిళ్ళంత కనపడి లోపల పిడికిలంత గొయ్యి ఉంటుంది. ఎక్కువగా వచ్చేది నడుం కింద తోకెముక దగ్గర, మడమలకి, తుంటి పక్కన, ఆ తర్వాత మోచేతులు, భుజం ఎముకలు, తల వెనక.

ఇప్పుడు నర్సులు చెయ్యాల్సినవి. చేరిన రోజే రిస్క్ లెక్క కడతారు, ఎక్కువచోట్ల వాడేది బ్రేడెన్ స్కేల్, 1987లో అమెరికాలో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు నర్సులు పెట్టింది. ఒత్తిడీ నొప్పీ తెలుస్తోందా, ఒళ్ళు ఎంత తడిగా ఉంటోంది, మంచం దిగగలడా, మంచంలో తనంతట తాను కదలగలడా, తిండి ఎంత పోతోంది, కిందికి జారిపోతున్నాడా, ఈ ఆరింటికి మార్కులు. మొత్తం 6 నుంచి 23 దాకా, మార్కులు తగ్గేకొద్దీ ప్రమాదం, 18 లేదా అంతకన్నా తక్కువైతే జాగ్రత్తలు మొదలు, 9కి దిగితే చాలా ఎక్కువ రిస్క్. ఇది ఒక్కసారి వేసి ఫైల్లో పెట్టేది కాదు, ఆపరేషన్ అయినా, జ్వరమొచ్చినా, మత్తు పెంచినా మళ్ళీ వెయ్యాలి.

తర్వాత చర్మం చూడడం, ప్రతి షిఫ్ట్‌లో. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో గట్టి పని ఇదే. పుస్తకాల్లో "ఎర్రబడితే మొదటి స్టేజ్, వేలితో నొక్కితే తెల్లబడకపోతే అనుమానించు" అని ఉంటుంది, ఆ ఫొటోల్లో ఎక్కువ తెల్లోళ్ళ ఒంటివి, మన చామనఛాయలో ఎరుపు కనపడి చావదు. మనవాళ్ళకి చేత్తో చూడాలి, చుట్టుపక్కల కంటే అక్కడ వేడిగా ఉందా చల్లగా ఉందా, గట్టిపడిందా, మెత్తగా బురదలా దిగుతోందా, ముట్టుకుంటే మొహం చిట్లిస్తున్నాడా, రంగు కొంచెం ఊదాకో నలుపుకో తిరిగిందా. అనుమానమొస్తే రెండోవైపు అదే చోటు చూసి పోల్చుకోవాలి.

ఇక తిప్పడం. రెండు గంటలకోసారి అనేది అందరికీ తెలిసిన లెక్క, ఎడమ, వెల్లకిలా, కుడి. కానీ పూర్తిగా పక్కకి తిప్పి పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీద పడి అక్కడ పుండు మొదలవుతుంది, అందుకే వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చితే చాలు. లాగకూడదు, ఇద్దరు డ్రా షీట్ (నడుం కింద అడ్డంగా పరిచే దుప్పటి) పట్టుకుని ఎత్తి జరపాలి. లాగితే తోలు దుప్పటికి అంటుకుని అక్కడే ఉండిపోయి లోపల ఎముక మాత్రం జరుగుతుంది, మధ్యలో రక్తనాళాలు సాగి తెగుతాయి. మంచం తలవైపు బాగా ఎత్తినప్పుడు మనిషి కిందికి జారేది కూడా ఇదే బాపతు, కాబట్టి తలవైపు 30 డిగ్రీలు దాటొద్దంటారు, అయితే రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం) ఉన్నవాళ్ళకి ఫీడ్, అంటే అందులో పోసే తిండి, ఊపిరితిత్తుల్లోకి పోకుండా 30 నుంచి 45 ఎత్తాలి. ఈ రెండూ కొట్టుకుంటాయి, బయటివాళ్ళకి తెలీని మా తలనొప్పి ఇది. దీనికి మంచి సిస్టర్ ఏం చేస్తుందంటే ముందు మోకాళ్ళ దగ్గర మంచం ఎత్తి తర్వాత తలవైపు ఎత్తుతుంది, అప్పుడు జారడం తగ్గుతుంది, ఫీడ్ అయిపోయి చెప్పిన టైం గడిచాక మళ్ళీ తగ్గిస్తుంది. పిక్కల కింద పొడుగ్గా దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చేస్తుంది. ఆక్సిజన్ పైపు చెవి వెనక, ఊపిరికి సాయం చేసే బైపాప్ మాస్క్ ముక్కు మీద, గొంతు ట్యూబ్ కట్టు పెదవి మూల, యూరిన్ పైపు తొడ కింద, వీటి కింద కూడా పుండ్లు పడతాయి, ఐసీయూలో అయితే మరీను, అవి కూడా జరిపి చూడాలి.

మీరు అడగాల్సినవి: చేరిన రోజు చర్మం చూసి ఏం రాశారు, బ్రేడెన్ ఎంత వేశారు, తిప్పిన చార్ట్ చూపించండి, ఇప్పుడు ఏ స్టేజ్ అంటున్నారు (స్టేజ్‌ల సంగతి కింద టోలీచౌకి జవాబులో ఉంది), గాయం కొలతలు రాస్తున్నారా. అరవకుండా అడగండి, వార్డ్ ఇన్‌చార్జ్‌ని అడగండి, రాత్రి డ్యూటీలో ఉన్న చిన్నపిల్లని కాదు. ఎన్‌ఏబీహెచ్ (హాస్పిటళ్ళ నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపున్న హాస్పిటల్ అయితే తమ దగ్గర పడ్డ ఈ పుండ్ల లెక్క నాణ్యత సూచికల్లో ఒకటిగా రాసుకోవాల్సిందే, కాబట్టి మీరు అడిగేది వాళ్ళకి కొత్తేం కాదు.

ప్రశ్న: మా అత్తమ్మ తుంటి విరిగి మంచంలో ఉంది. పక్కింటామె రోజూ స్పిరిట్ పెట్టి గట్టిగా రుద్దమంటది, నడుం ఎర్రగయితే కొబ్బరినూనెతో మర్దన చెయ్యమంటది, పైన పౌడర్ చల్లమంటది. చెయ్యొచ్చా?
— బోడుప్పల్ కోడలు

జవాబు: మూడూ వద్దమ్మా. వెనకటి రోజుల్లో హాస్పిటళ్ళలో కూడా స్పిరిటూ పౌడరే బ్యాక్ కేర్, ఆ అలవాటు ఇళ్ళల్లో ఇంకా పోలేదు. స్పిరిట్ తోలుని ఎండగొడుతుంది, పౌడర్ చెమటకి ముద్దకట్టి మడతల్లో ఇసుకలా గీరుతుంది. రంగు మారిన చోట రుద్దితే లోపల అప్పటికే నలిగిన కండ ఇంకా చితుకుతుంది. కొబ్బరినూనె పల్చగా కాళ్ళకీ చేతులకీ పొడిబారకుండా రాయండి, ఏం కాదు, ఎముక మీద ఎర్రబడ్డ చోట మాత్రం రుద్దడం లేదు, ఆ వైపు పడుకోబెట్టడమూ లేదు.

ప్రశ్న: మేడం, కోఠిలో సర్జికల్ షాపులో ఎయిర్ బెడ్ తెచ్చినం, మోటర్ కూడా నడుస్తుంది. షాపాయన ఇగ తిప్పే పని లేదన్నడు. కానీ బాపుకి మడమల కాడ నల్లగయితుంది. బెడ్ ఖరాబుదా?
— ఉప్పల్

జవాబు: బెడ్ బానే ఉండొచ్చు, షాపాయన మాటే ఖరాబుది. ఎయిర్ బెడ్‌లో గొట్టాలు కొన్ని ఉబ్బి కొన్ని తగ్గుతూ, మామూలుగా ఓ పది నిమిషాలకోసారి మారుతుంటాయి, దాంతో ఒకేచోట ఒత్తిడి నిలవదు. అది మంచిదే, ఇద్దరు మనుషులు ఎత్తి తిప్పలేని ఇంట్లో చాలా ఆసరా. అయినా తిప్పడం మానకూడదు, కొంచెం గ్యాప్ పెంచొచ్చేమో, అది చూసే డాక్టర్‌నో నర్సునో అడిగి. మడమకి కండ లేదు, ఎముకా తోలే, ఎయిర్ బెడ్ దాన్ని కాపాడలేదు, అందుకే పిక్కల కింద దిండు పెట్టి మడమ దేనికీ తగలకుండా ఉంచాలి. గ్లౌజులో నీళ్ళు నింపి మడమ కింద పెట్టడం మన హాస్పిటళ్ళలో బాగా చూస్తుంటా, దయచేసి వద్దు, నీళ్ళు పక్కలకి పోయి మడమ మళ్ళీ కిందకే దిగుతుంది. గాలి రింగులు కూడా వద్దు, రింగు అంచు చుట్టూ నొక్కి మధ్యలో ఉన్న చోటుకి రక్తం రానివ్వదు.

బెడ్ సరిగ్గా పనిచేస్తుందో లేదో ఇలా చూడండి, బాపు పడుకున్నాక నడుం కింద, పరుపు కిందనుంచి అరచెయ్యి పైకి పెట్టి దూర్చండి, ఆయన ఎముకకీ మీ చేతికీ మధ్య కనీసం ఒక అంగుళం గాలి ఉండాలి, ఎముక చేతికి తగిలిందంటే గాలి సరిపోలేదు, మోటర్ మీద బరువు నాబ్ ఆయన బరువుకి తగ్గట్టు తిప్పండి. పైన ఒక్కటే పల్చటి కాటన్ దుప్పటి. చాలామంది ఎయిర్ బెడ్ మీద ప్లాస్టిక్ షీట్, దాని మీద మడతపెట్టిన పాత చీర, దాని మీద అండర్‌ప్యాడ్, ఇన్ని పరుస్తారు, ఇక ఆ బెడ్ కొన్న డబ్బులు దండగే, పైగా ఏప్రిల్ మే నెలల్లో ఆ ప్లాస్టిక్ మీద వీపు ఉడికిపోతుంది. కరెంటు పోయినప్పుడు కొన్ని బెడ్లు మెల్లగా దిగిపోతాయి, ఇన్వర్టర్ లైన్ మీద పెట్టించండి.

ప్రశ్న: అక్కా, నేను స్టాఫ్ నర్సుని. నైట్‌లో 9 మంది పేషెంట్లు నా ఒక్కదానికే, అందులో నలుగురు కదల్లేరు, వార్డ్ బాయ్ రెండు ఫ్లోర్లకి ఒక్కడు. రెండు గంటలకోసారి తిప్పినట్టు చార్ట్‌లో టిక్ ఉండాలంటారు, తిప్పానా లేదా ఎవరూ చూడరు. పుండు పడితే ఇన్సిడెంట్ ఫాం (వార్డులో జరిగిన పొరపాటు రాసిచ్చే కాగితం) నేనే రాయాలి, మెమో నాకే. ఏం చెయ్యమంటారు?
— పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: చెల్లీ, ముందు ఒకటి, తిప్పకుండా టిక్ పెట్టకు. నీతి చెప్పడానికి కాదు, నీ కోసమే. రేపు పుండు పడి ఎవరైనా ఫైల్ తీస్తే అన్ని టిక్కులూ ఉండి పుండు ఉందంటే నువ్వు అబద్ధం రాశావనే అంటారు. "1:30కి ఎడమవైపు తిప్పాను, 3:30కి బెడ్ 6 ఎమర్జెన్సీ, 4:15కి కుడివైపు తిప్పాను, సహాయకుడు లేడు" అని రాస్తే అది నిజం, నిన్ను కాపాడేది అదే, మనుషులు సరిపోవట్లేదని మేనేజ్‌మెంట్‌కి కాగితం మీద చూపించేదీ అదే.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన టీచింగ్ హాస్పిటల్ జనరల్ వార్డులో ముగ్గురికి ఒక నర్సు, మామూలు హాస్పిటల్లో అయిదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు. ఎక్కడ పాటిస్తున్నారో నీకు తెలుసు నాకు తెలుసు. కాబట్టి నిన్నే నిందించి లాభం లేదు, మెమోతో పుండు మానదు. కానీ ఉన్నదాంతో నైట్ గడపాలి కదా, నేనైతే ఇలా చేస్తాను. డ్యూటీ ఎక్కగానే, షిఫ్ట్ అప్పగించుకునే హ్యాండోవర్‌లో నలుగురి వీపూ మడమలూ ఇద్దరు నర్సులూ కలిసి చూడండి, దుప్పటి మీదనుంచి కాదు, తీసి. అప్పుడే మడమల కింద దిండు సర్దేస్తే ఆ పని రాత్రంతా అయిపోయినట్టే, నిమిషం పట్టదు, కాకపోతే మనిషిని కదిపినప్పుడల్లా దిండు జరిగిందేమో చూసుకో. పక్క వార్డు సిస్టర్‌తో మాట్లాడుకుని పదింటికి నువ్వు అటు, పదీ పావుకి ఆమె ఇటు, ఇలా జంటగా రౌండ్ పెట్టుకోండి, ఒక్కదానివే ఎనభై కిలోల మనిషిని లాగితే అతని తోలూ పోతుంది నీ నడుమూ పోతుంది. తిప్పడాన్ని వేరే పనిగా చూడకు, డైపర్ మార్చేటప్పుడు, సక్షన్ (గొంతులో కఫం లాగడం) చేసేటప్పుడు, బీపీ చూసేటప్పుడు దానిలో కలిపెయ్. పూర్తిగా తిప్పలేని టైంలో ఊరికే దిండు జరిపి బరువు కొంచెం మార్చినా, కాలు ఎత్తి పెట్టినా, ఏమీ చెయ్యకపోవడం కంటే మేలు.

నలుగురిలో ఎవరు ముందు అంటే బ్రేడెన్ స్కోర్ తక్కువున్నవాళ్ళు, తడిగా ఉన్నవాళ్ళు, బీపీ నిలబెట్టడానికి మందులు నడుస్తున్నవాళ్ళు. 2013లో బయటికొచ్చిన ఒక పెద్ద స్టడీ ఉంది, అమెరికా కెనడా వృద్ధుల కేంద్రాల్లో మంచి మందపాటి ఫోమ్ పరుపుల మీద 2, 3, 4 గంటలకోసారి తిప్పి చూస్తే పుండ్లు పడడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దాన్ని పట్టుకుని నాలుగు గంటలు చాలనుకోకు, అది ఆ పరుపు మీద, ఆ పేషెంట్లకి. మన వార్డులో గుంటలు పడ్డ కొబ్బరిపీచు పరుపు మీదున్న స్ట్రోక్ పేషెంట్‌కి ఆ లెక్క పనికిరాదు. దాన్నుంచి నీకు పనికొచ్చేది ఏంటంటే పరుపు మంచిదైతే నీ పని తగ్గుతుంది, అంచేత మంచి ఫోమ్ పరుపులు కావాలని ఇన్‌చార్జ్‌ని రాతపూర్వకంగా అడగడం నీ కోసం నువ్వు చేసుకునే పనే. ఇంకా ఇన్సిడెంట్ ఫాం, అది ఎఫ్‌ఐఆర్ కాదు, కానీ మన దగ్గర అలానే వాడుతున్నారు, అదే అసలు జబ్బు. భయపడి ఎవరూ మొదటి స్టేజ్ రాయరు, మూడో స్టేజ్‌కి వచ్చాక దాచలేక రాస్తారు, అప్పటికి ఆ మనిషికి నెలల పని.

ప్రశ్న: అమ్మకి షుగర్, పుండు పడింది. పెద్దవాళ్ళేమో పప్పు, గుడ్డు, వంకాయ, చికెన్ పెడితే చీము పడుతుందంటున్నారు, రెండు వారాలుగా చారన్నం, ఇడ్లీ మాత్రమే పెడుతున్నాం. మంచిదేనా?
— మల్కాజిగిరి

జవాబు: కాదు తల్లీ, పుండు మానకపోవడానికి ఇదొక పెద్ద కారణం అయ్యుండొచ్చు. పప్పు తింటే చీము రాదు, చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల. కొత్త కండ పుట్టాలంటే ప్రోటీన్ కావాలి, ఇలాంటి పుండున్నవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 1.25 నుంచి 1.5 గ్రాములు, 30 నుంచి 35 కేలరీలు అని లెక్క. అమ్మ 50 కిలోలనుకుంటే 63 నుంచి 75 గ్రాముల ప్రోటీన్, చారన్నంలో అది జన్మలో రాదు. ఒక గుడ్డుకి సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలకి ఆరేడు, వంద గ్రాముల చికెన్‌కి పాతిక దాకా, గట్టిగా వండిన పప్పు, పెరుగు, పల్లీలు, శనగలు, ఏది తింటే అది, కొంచెం కొంచెం ఎక్కువసార్లు. కిడ్నీ సమస్య ఉందంటే మాత్రం ప్రోటీన్ ఎంతో డాక్టర్ చెప్పాలి, మీరు పెంచొద్దు. షుగర్ కంట్రోల్‌లో లేకపోతే ఎంత తిన్నా మానదు, అది కూడా చూపించుకోండి. వంకాయ పెట్టండి, పాపం దాని తప్పేం లేదు.

ప్రశ్న: నాన్నకి నడుం కింద పుండు, లోపల పసుపు రంగు, కొంచెం వాసన. రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురగ వచ్చాక బెటాడిన్ పెట్టి, గాలి తగలాలని తెరిచి ఉంచుతున్నాం. ఒకాయన తేనె పొయ్యమన్నారు, ఇంకొకరు పసుపు. నెలయ్యింది, తగ్గట్లేదు.
— టోలీచౌకి

జవాబు: నురగ వస్తే పని జరుగుతోందనిపిస్తుంది, జరిగేదేంటంటే మానడానికి వచ్చిన కొత్త కణాలు కూడా దాంట్లో చస్తాయి. బెటాడిన్ కూడా రోజూ అలా పోస్తుంటే అదే గొడవ, ఇన్ఫెక్షన్ ఉందని డాక్టర్ కొన్ని రోజులకి రాస్తే వేరు. కడగడానికి నార్మల్ సెలైన్ చాలు, మెడికల్ షాపులో దొరుకుతుంది, మెల్లగా పోసి కడగండి, గాజ్ గుడ్డతో (కట్టుకి వాడే పల్చటి గుడ్డ) గీకొద్దు. గాలికి ఆరబెట్టడం కూడా పాత మాటే, 1962లో పందుల మీద చేసిన ప్రయోగంలోనే తడి ఆరకుండా కప్పి ఉంచిన గాయం మీద కొత్త తోలు దాదాపు రెండింతలు తొందరగా పాకింది. అందుకే ఇప్పుడు ఫోమ్, హైడ్రోకొల్లాయిడ్, నీరు ఎక్కువ కారితే ఆల్జినేట్, పొడిగా ఉంటే జెల్, ఇలా గాయాన్ని బట్టి డ్రెస్సింగ్ మారుస్తారు, కొన్ని రెండు మూడు రోజుల దాకా విప్పరు. ఖరీదే, కానీ రోజూ కట్టు మార్చే ఖర్చుతో పోల్చి చూడండి. గొయ్యి ఉంటే గాజ్ గుడ్డ వదులుగా నింపాలి, కూరకూడదు, కూరితే అదే లోపల్నుంచి ఒత్తుతుంది. వంటింటి తేనె, పసుపు వద్దు. తేనెతో డ్రెస్సింగులు ఉన్నాయి, నిజమే, అవి శుద్ధి చేసి తయారుచేసినవి, మన డబ్బాలోది కాదు.

మీరు రాసిన ఆ పసుపు రంగు చచ్చిన కండ, అది ఉన్నంతకాలం కింద మానదు. తోలు చెక్కుచెదరకుండా రంగు మారితే మొదటి స్టేజ్, పైపొర ఊడినా పొక్కినా రెండు, కొవ్వు కనపడితే మూడు, కండ, టెండన్ (కండని ఎముకకి కట్టే తాడులాంటిది), ఎముక దాకా పోతే నాలుగు, పసుపో నలుపో కప్పేసి అడుగు కనపడకపోతే అది తీసేదాకా స్టేజ్ చెప్పలేరు, మీది ఇదే అయ్యుండొచ్చు. దాన్ని సర్జన్ తీయాలి, మీరు కత్తెర పట్టొద్దు. పెద్ద గోతులకి గాయంలో నీరు లాగేసే వ్యాక్ మెషిన్, ఇంకా లోతైతే పక్కనుంచి కండ తిప్పి మూసే ఆపరేషన్, అవన్నీ వాళ్ళు చూసి చెప్తారు. జ్వరం, చలి, చుట్టూ వాపు, వాసన ఎక్కువవడం, మనిషి మగతగా మాట తడబడడం, వీటిలో ఏది కనపడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ రోజే వెళ్ళండి. ఇంకో మాట, ఏ డ్రెస్సింగ్ పెట్టినా ఆ పుండు మీదే పడుకోబెడితే వేస్ట్.

ప్రశ్న: మా తమ్ముడికి 26, బైక్ యాక్సిడెంట్‌లో వెన్ను దెబ్బతిని వీల్‌చైర్. ఇంట్లోంచే కంప్యూటర్ జాబ్, రోజుకి పది గంటలు కూర్చుంటాడు. పిర్రల కింద ఎర్రగా అయ్యింది.
— కూకట్‌పల్లి

జవాబు: కూర్చున్నప్పుడు బరువంతా పిర్రల ఎముకల మీదే కాబట్టి మంచం కంటే కుర్చీ ఇంకా కఠినం. ఆ ఎరుపు పోయేదాకా కూర్చోవడం బాగా తగ్గించాలి, జాబ్ అయినా సరే, బోర్లానో పక్కకో పడుకుని ల్యాప్‌టాప్ పెట్టుకోమనండి. తర్వాత ఫోన్‌లో అలారం పెట్టి 15 నుంచి 30 నిమిషాలకోసారి ముందుకి వంగి ఛాతీ మోకాళ్ళ మీదకి, లేదా ఒక పక్కకి బాగా ఒరిగి, రెండు నిమిషాలు అలా ఉండాలి. చేతుల మీద లేచి అయిదు సెకన్లు ఆగి కూర్చుంటే చాలదు, రక్తం తిరిగి రావడానికి ఆ రెండు నిమిషాల టైం పడుతుంది. మంచి కుషన్ గాలిదో జెల్‌దో ఫోమ్‌దో ఫిజియోథెరపిస్ట్ కూర్చోబెట్టి చూసి చెప్పాలి, ఆన్‌లైన్‌లో రింగు కుషన్ కొనొద్దు. జేబులో పర్సు, ఫోన్, వెనక మందపాటి కుట్లున్న జీన్స్ వద్దు. రాత్రి పడుకునేముందు చిన్న అద్దంతో తనే చూసుకోవడం నేర్పించండి, ఇది జీవితాంతం చేసుకోవాల్సిన పని, ఎప్పుడూ అక్కో అమ్మో చూడాలంటే వాడికీ ఇబ్బందే.

ప్రశ్న: తాతకి షుగర్, మడమ మీద నల్లగా గట్టి పెచ్చు కట్టింది. కోసెయ్యాలా, వేడినీళ్ళలో నానబెట్టి ఊడదియ్యాలా?
— ఎల్బీ నగర్

జవాబు: రెండూ వద్దు. ఎండిపోయి గట్టిగా అంటుకుని, చుట్టూ ఎరుపు, చీము, మెత్తదనం లేకుండా ఉంటే మడమ పెచ్చుని అలానే వదిలేస్తారు, అది కింద గాయానికి మూతలా ఉంటుంది. పొడిగా ఉంచండి, మడమ గాల్లో ఉంచండి, రోజూ చూడండి. మెత్తబడినా, తడి ఊరినా, వాసనొచ్చినా వెంటనే సర్జన్ దగ్గరికి. షుగర్ ఉంది కాబట్టి ఎలాగూ ఒకసారి కాలికి రక్తం సరిగ్గా పోతోందో లేదో చూసే డాప్లర్ పరీక్ష చేయించండి, రక్తమే రాని కాలి మీద కత్తి పెడితే ఇంకో పెద్ద పుండు.

ప్రశ్న: అటెండర్‌ని పెట్టుకున్నాం, రాత్రి 8 నుంచి పొద్దున 8. అమ్మమ్మని రాత్రి తిప్పుతోందో లేదో ఎలా తెలుస్తుంది? అమ్మమ్మకి క్యాన్సర్, తిప్పితే మూలుగుతుంది, అందుకని ఆమె కూడా వదిలేస్తుందేమో.
— మెహిదీపట్నం

జవాబు: గోడ మీద కాగితం అంటించండి, టైం, ఏ వైపు, తడి ఉందా, అంతే. పొద్దున ఆమె వెళ్ళేముందు ఇద్దరూ కలిసి నడుం, మడమలు, తుంటి చూడండి, పోలీస్ తనిఖీలా కాదు, మా హ్యాండోవర్‌లాగా. ఆమెకి దుప్పటితో ఎత్తడం ఒకసారి చేసి చూపించండి, చాలామందికి ఎవరూ నేర్పలేదు. రాత్రంతా ఒక్కతే ఎత్తలేకపోతే పదింటికీ అయిదింటికీ మీలో ఒకరు చెయ్యి వెయ్యండి. తడిసిన డైపర్ వెంటనే మార్చాలి, తుడిచాక జింక్ ఉన్న క్రీమ్ పల్చగా. డైపర్ తడికి మడతల్లో వచ్చే ఎర్రటి పుండు వేరు, ఎముక మీద వచ్చేది వేరు, రెండూ ఒకేచోట కూడా ఉండొచ్చు, అర్థం కాకపోతే నర్సుకి చూపించండి.

మూలుగు సంగతి. నొప్పి మందు డాక్టర్ రాసి ఉంటే తిప్పడానికి అరగంట ముందు పడేలా టైం సర్దుకోండి, తిప్పేముందు చెవి దగ్గర చెప్పి తిప్పండి, పూర్తిగా కాకుండా కొంచెం కొంచెం వాల్చండి. అమ్మమ్మ చివరి దశలో ఉందని డాక్టర్లు అంటే లెక్కలన్నీ మారతాయి, అప్పుడు ఆమెకి ఏ పక్క సుఖంగా ఉంటే ఆ పక్క ఎక్కువసేపు ఉంచినా తప్పు లేదు, ఆ దశలో ఎంత చేసినా కొందరికి పుండు వస్తుంది, దానికి మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు, అటెండర్‌నీ తిట్టొద్దు. రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్లో పాలియేటివ్ కేర్ (నొప్పీ బాధా తగ్గించే వైద్యం) విభాగం ఉంది, నొప్పి మందు, పుండు వాసన తగ్గించే మందు, రెండింటి గురించీ అక్కడ అడగండి, ఫైల్ తీసుకుని ఇంట్లోవాళ్ళు వెళ్ళినా ముందు మాట్లాడొచ్చు.

వచ్చే నెలకి ప్రశ్నలు పంపేవాళ్ళు మనిషి వయసు, బరువు, షుగర్ కిడ్నీ ఉన్నాయా లేదా, ఎన్నాళ్ళుగా మంచంలో ఉన్నారు, ఇవి తప్పకుండా రాయండి. పుండు ఫొటోలు మాత్రం పంపొద్దు, ఫొటోలో లోతూ వేడీ వాసనా తెలీవు, అవి చూసి నేను చెప్పేది ఊహే అవుతుంది.